డీసీ అయిపోయింది, నెక్స్ట్ నయాగరా

జేమ్స్ స్మిత్సన్ అని ఒక ఇంగ్లీషాయన ఉండేవాడు. రాళ్లనీ ఖనిజాలనీ పరీక్షించుకుంటూ బతికిన రసాయన శాస్త్రజ్ఞుడు. పెళ్లీ లేదు, పిల్లలూ లేరు. 1829లో ఇటలీలోని జెనోవాలో కన్నుమూశాడు. ఆస్తి తమ్ముడి కొడుక్కి రాశాడు గానీ, వీలునామాలో ఒక మెలిక పెట్టాడు. ఆ కుర్రాడు వారసులు లేకుండా పోతే సొమ్మంతా అమెరికాకి చెందాలి, దాంతో వాషింగ్టన్‌లో జ్ఞానాన్ని పెంచి పదిమందికీ పంచే సంస్థ ఒకటి పెట్టాలి. కుర్రాడు 1835లో అలాగే పోయాడు. ఐదు లక్షల డాలర్ల పైచిలుకు సొమ్ము బంగారు నాణేలుగా ఓడెక్కి అమెరికా చేరింది. 1846లో స్మిత్సోనియన్ సంస్థ వెలిసింది. ఇవాళ వాషింగ్టన్‌లో పైసా టికెట్టు లేకుండా చూడగలిగే మ్యూజియాల్లో చాలావరకు ఆయన పుణ్యమే. ఇంతా చేసి, ఆయన జన్మలో ఒక్కసారి కూడా అమెరికాలో అడుగుపెట్టలేదు. 1904లో ఎముకలు మాత్రం వచ్చాయి.

చూడని ఊరికి ఆస్తంతా ఇచ్చేసినవాడు ఆయన. చూసిన ఊళ్లోంచి ఒక్క ముక్క కూడా తెచ్చుకోకుండా వెనక్కి రాగలిగినవాళ్లం మనం.

మనం అంటే ఎవరో వేరే చెప్పక్కర్లేదు. లాంగ్ వీకెండ్ అనగానే న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచీ, ఫిలడెల్ఫియా శివార్ల నుంచీ, అటు షార్లెట్ నుంచీ అద్దె వ్యాన్లేసుకుని వాషింగ్టన్ మీద పడే తెలుగు కుటుంబాలు. మెమోరియల్ డేకి ఒక దండయాత్ర, లేబర్ డేకి ఇంకోటి, మధ్యలో చెర్రీపూల సీజన్‌కి ఒక స్పెషల్ దండయాత్ర. 1814లో బ్రిటిషు సైన్యం ఇదే ఊరి మీద పడి వైట్‌హౌస్ తగలబెట్టింది. వాళ్లు కూడా ఒక రోజు పైనే ఉన్నారు. మనవాళ్లు అంతకంటే తక్కువలో ముగించుకొస్తారు.

యాత్రకి నెల ముందే వాట్సాప్‌లో గ్రూపు పుడుతుంది. ‘డీసీ డైరీస్’ అనో ‘క్యాపిటల్ గ్యాంగ్’ అనో పేరు పెడతారు. అందులో ఎవరున్నారన్నది యాదృచ్ఛికమని మీరనుకుంటే మీరింకా అమాయకులే. ఆఫీసులో పక్క సీటు ఒడియా అబ్బాయి అందులో ఉండడు. అపార్ట్‌మెంట్లో పై ఫ్లోరు తమిళావిడ ఉండదు. తెలుగువాళ్లలో కూడా ‘మీదే ఊరండీ’, ‘మీ ఇంటిపేరేంటన్నారూ’, ‘ఫలానా వాళ్లు మీకేమవుతారు’ అనే మూడు ప్రశ్నల్లో తేలాల్సిన సంగతి తేలనివాళ్లు ఉండరు. ఇది గుర్తుంచుకోండి, మేరీలాండ్‌లో మళ్లీ తగులుతుంది.

ప్రతి గ్రూపుకీ ఒక కెప్టెన్. వారంలో ఐదు రోజులు ఆఫీసులో డెడ్‌లైన్లని తిట్టుకునే మనిషి శని, ఆదివారాల్లో తన పెళ్లాం బిడ్డలకి డెడ్‌లైన్లు పెడతాడు. ఆయన తయారుచేసిన ఎక్సెల్ షీటు చూస్తే కళ్లు చెమరుస్తాయి. లింకన్ మెమోరియల్, 20 నిమిషాలు. వాషింగ్టన్ మాన్యుమెంట్, బయట నుంచే, 10 నిమిషాలు. నేచురల్ హిస్టరీ మ్యూజియం, 40 నిమిషాలు. ఆ మ్యూజియం సేకరణలో పద్నాలుగు కోట్లకు పైగా వస్తువులున్నాయి, ఇచ్చిన నలభైలో పది నిమిషాలు రెస్ట్‌రూముకే పోతాయి. షీటులో పార్కింగ్‌కి ఒక కాలమ్, ఫొటోకి ఒకటి, ఫుడ్‌కి ఒకటి, ఎవరెంత పెట్టారన్నదానికి ఇంకోటి. చూడటానికంటూ ఒక కాలమ్ ఎక్కడా లేదు. చివర్లో మాత్రం ‘స్టేటస్’ అని ఉంటుంది. అయిపోయినదానికి ఆకుపచ్చ.

బయల్దేరే ముందు రోజు రాత్రి ఇల్లంతా పెళ్లివారి సందడి. పెద్ద అల్యూమినియం ట్రేలో పులిహోర, ఇంకో ట్రేలో దద్దోజనం, జిప్‌లాక్ కవర్లలో చపాతీలు, పిల్లలకి పెరుగన్నం వేరే డబ్బాలో, అత్తయ్యగారికి ఉప్పు తక్కువది ఇంకో డబ్బాలో. ఒక కేసు నీళ్ల సీసాలు. ఒక రైస్ కుక్కర్. న్యూజెర్సీ నుంచి నాలుగు గంటల ప్రయాణమిది, ధ్రువయాత్ర కాదు. ఎవరైనా ఆ మాటంటే వదినగారు ఊరుకోరు. ‘అక్కడేం దొరుకుతుందండీ, చప్పిడి తిండి.’ వాషింగ్టన్ చుట్టుపక్కల ఇథియోపియా వాళ్లు వేల సంఖ్యలో స్థిరపడ్డారు. పుల్లటి ఇంజెరా మీద పప్పూ, కారంగా కూరలూ వేసి, చేత్తోనే తినమని ముందు పెడతారు. మన నాలుకకి అంత దగ్గరి చుట్టం ఆ ఊళ్లో ఇంకోటి లేదు. షీటులో దానికి గడి లేదు.

హోటల్ సంగతి ఎత్తితే ఊళ్లో పరువు పోతుంది గానీ ఎత్తక తప్పదు. రెండు గదులు బుక్ చేస్తారు. ముందు తలుపులోంచి నలుగురు నాగరికంగా వెళ్లి తాళాలు తీసుకుంటారు, మిగతావాళ్లు పక్క తలుపులోంచి కుక్కర్‌తో సహా ప్రవేశిస్తారు. రాత్రి తొమ్మిదింటికి ‘వేడివేడిగా చారు పెట్టేద్దాం, ఎంతసేపు’ అని ఎవరికో బుద్ధి పుడుతుంది. కరెంటు పొయ్యి మీద ఆవాలు చిటపటమన్నాయో లేదో పైన స్మోక్ అలారం అందుకుంటుంది. హోటల్ హోటలంతా పైజమాలతో ఫుట్‌పాత్ మీదకి చేరుతుంది. ఫైరింజను వచ్చి, ఎక్కడా నిప్పు లేదనీ, ఇంగువ మాత్రమే ఉందనీ తేల్చి వెళ్లేదాకా అరగంట. ఆ నగరంలో మనవాళ్లు ఏ తొందరా లేకుండా నిలబడి చుట్టూ చూసిన సమయం ఏదైనా ఉందంటే అది ఆ అరగంటే.

పొద్దున్నే వైట్‌హౌస్. పెన్సిల్వేనియా అవెన్యూ మీద ఆ ముక్కలో 1995 నుంచీ బళ్లు తిరగనివ్వరు గనక నడవాలి. నడవడమనగానే సగం మంది మొహాలు మాడిపోతాయి. కంచె ముందు చేరాక అత్తయ్యగారు ఒకసారి పరకాయించి ‘ఇంతేనా? టీవీలో పెద్దగా కనపడుతుందే! మా కలెక్టరాఫీసే నయం’ అంటారు. హైదరాబాద్‌లో మూడు ఫ్లాట్లున్న బాబాయి ఒకాయన గేటుకేసి చెయ్యి చాపి ‘ఉత్తరముఖం ఇల్లు, అదీ రహస్యం’ అని గుట్టు విప్పుతాడు. తూర్పు భాగాన్ని 2025లో నేలమట్టం చేసి అక్కడ పెద్ద బాల్‌రూమ్ ఎత్తుకున్నారని ఎవరో చెబితే ఆయన కళ్లు మెరుస్తాయి. ‘తూర్పు పెంచుతున్నాడంటే మన సిద్ధాంతే ఎవడో చెప్పుంటాడు.’

తర్వాత అందరూ కంచెకి వీపానించి పళ్లన్నీ కనపడేలా ఫొటో దిగుతారు. అదే ఇంట్లో కూర్చున్నాయన 2025 సెప్టెంబరులో ఒక శుక్రవారం నాడు, కొత్త హెచ్-1బీ దరఖాస్తుకి లక్ష డాలర్లు కట్టాలని ఒక్క సంతకం గీశాడు. ఇది కొత్తవాళ్లకి మాత్రమేనని అటువైపు నుంచి వివరణ వచ్చేలోపే కంపెనీలు ‘ఎక్కడున్నా ఆదివారంలోగా వెనక్కి రండి’ అని మెయిళ్లు కొట్టాయి. ఇండియాకి పెళ్లికి బయల్దేరినవాడు ఎయిర్‌పోర్టులోంచే వెనక్కి తిరిగాడు, పెళ్లికొడుకు కూడా వెనక్కి తిరిగాడని చెప్పుకున్నారు. ఆ రెండు రాత్రులూ నిద్రలేకుండా ఫోన్లు నొక్కిన మనిషే ఇప్పుడు ఆ కంచె ముందు రెండు వేళ్లెత్తి విజయచిహ్నం చూపిస్తున్నాడు. కోపం తెచ్చుకోమని కాదు. వీసా మీద ఉన్నవాడికి కోపం ఖరీదైన వ్యవహారమని నాకూ తెలుసు. కనీసం ఆ నవ్వు ఒక ఇంచీ తగ్గించుకోవచ్చు కదా!

అక్కణ్నుంచి క్యాపిటల్. గోపురం మొత్తం ఫ్రేములోకి రావాలని కెప్టెన్ గడ్డిలో పడుకుంటాడు. గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించి ఇవ్వకూడదన్న రూలు పుట్టింది ఆ గోపురం కిందే. మార్చాలన్నా అక్కడే మార్చాలి. మనవాడు ఆ గ్రీన్‌కార్డు క్యూ గురించి వారానికి ఏడు రోజులూ మొత్తుకుంటాడు, పార్టీల్లో మొత్తుకుంటాడు, పిల్లల బర్త్‌డేలో కూడా మొత్తుకుంటాడు. ఆ బిల్డింగ్ లోపల ఉచితంగా టూరుంది, తీసుకెళ్లి అన్నీ చూపిస్తారు. పోడు. ఎందుకంటే అక్కడ క్యూ ఉంటుంది.

ఆ లోపలే ఇంకో కథ ఉంది. సుప్రీంకోర్టుకి 1935 దాకా సొంత బిల్డింగ్ లేదు. క్యాపిటల్లోనే పాత సెనేట్ గదిలో సర్దుకునేది. 1923లో భగత్ సింగ్ థింద్ అనే సిక్కు కేసు అక్కడికే వచ్చింది. ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో చేసినవాడు. నాకు పౌరసత్వమివ్వండి, నేనూ ఆర్యజాతి వాణ్నే, పైగా అగ్రకులం వాణ్నని వాదించాడు. న్యాయమూర్తులంతా ఒక్క మాటగా, నువ్వు తెల్లవాడివి కాదు పొమ్మన్నారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. కులం గొప్ప చూపించి అమెరికాలో చోటు సంపాదిద్దామనుకున్న మనిషిని నూరేళ్ల కిందటే ఆ గదిలో తోసిపుచ్చారు. ఇంటిపేర్లు జల్లెడపట్టి వ్యాన్ నింపుకొచ్చినవాళ్లం ఆ గది గుమ్మం దాకా వచ్చి, ఫొటోలో గోపురం సరిగా పడిందా లేదా అని చూసుకుని వెళ్లిపోతాం.

ఎండ నెత్తి మీదకొచ్చేసరికి లింకన్ దగ్గరికి. 1922లో కట్టారు. లోపల పంతొమ్మిది అడుగుల పాలరాతి లింకన్ కూర్చుని ఉంటాడు. గోడ మీద ఆయన గెటిస్‌బర్గ్ ప్రసంగం మొత్తం చెక్కి ఉంటుంది. మనవాళ్ల పిల్లాడు, అమెరికాలోనే పుట్టి అమెరికాలోనే ఐదో క్లాసు చదువుతున్నవాడు, గోడ దగ్గర నిలబడి పెదాలు కదుపుతూ చదవడం మొదలుపెడతాడు. ‘అదంతా గూగుల్లో ఉంటుందిలే నాన్నా, అందరూ వెయిటింగ్’ అని వాళ్లమ్మ రెక్క పట్టుకుని లాక్కుపోతుంది. ఇంటికెళ్లాక అదే పిల్లాణ్ని ఏడాదికి వేల డాలర్లు పోసి స్పెల్లింగ్ బీ కోచింగ్‌కి పంపుతుంది.

మెట్ల మీద ఒకచోట నేలరాయి మీద అక్షరాలు కనపడతాయి. 1963 ఆగస్టు 28న మార్టిన్ లూథర్ కింగ్ నిలబడి మాట్లాడిన చోటది. 2003లో అక్కడ గుర్తుగా చెక్కించారు. ఆ రాయి మీద డైపర్ల బ్యాగు పెట్టి, దాని పక్కన నీళ్ల సీసాల కేసు పెట్టి, ఎదురుగా మనవాళ్లు గ్రూప్ ఫొటోకి వరస కడుతుంటే చూశాను. ఒక నల్లజాతి పెద్దాయన, మనవరాలి చెయ్యి పట్టుకుని, ఆ బ్యాగు ఎప్పుడు తీస్తారా అని పక్కన నిలబడ్డాడు. ఏమీ అనలేదు. మనవాళ్లు ఆయనకే ఫోన్ ఇచ్చి ‘అంకుల్, వన్ ఫొటో ప్లీజ్’ అన్నారు. ఆయన తీశాడు కూడా.

లెక్క చెప్పాలి గనక చెబుతున్నాను. 1946లో అమెరికా మహా ఉదారంగా భారతీయులకి ఒక కోటా ఇచ్చింది. ఏడాదికి వందమంది. మొత్తం దేశానికి. ఆ మెట్ల మీద నిలబడ్డవాళ్లు దెబ్బలు తిని, జైళ్లకెళ్లి, ప్రాణాలు పోగొట్టుకుని 1964లో పౌరహక్కుల చట్టం తెచ్చుకున్నారు, 1965 ఆగస్టులో ఓటు హక్కు చట్టం తెచ్చుకున్నారు. జాతిని బట్టి మనుషుల్ని తూచడం తప్పని ఒప్పుకున్నాక దేశాల్ని బట్టి తూచే పాత ఇమిగ్రేషన్ కోటాలు నిలవలేదు, అదే ఏడాది అక్టోబరులో అవీ పోయాయి. మన డాక్టర్లు, ఇంజనీర్లు, ఆ తర్వాత మన కోడర్లు అమెరికా చేరింది ఆ తలుపులోంచే. వాళ్ల ఉద్యమం లేకపోతే మనవాడు ఇవాళ అమీర్‌పేటలోనే కోర్సు మీద కోర్సు చేస్తుండేవాడు. మరి ఆ జాతి గురించి వ్యాన్లో ఏమనుకుంటారంటే ‘ఆ ఏరియాలో దిగకండి, వాళ్లుంటారు’ అని. ఇది ఊహించి రాయడం లేదు. బాల్టిమోర్ దాటే ప్రతి తెలుగు వ్యాన్లోనూ ఎవరో ఒకరు అద్దాలు పైకెత్తుతారు.

లింకన్ దగ్గర్నుంచి రాయి విసిరితే పడేంత దూరంలో వియత్నాం యుద్ధంలో పోయిన సైనికుల గోడ. మాయా లిన్ అనే అమ్మాయి ఇరవై ఒక్కేళ్లకి, ఇంకా కాలేజీలో ఉండగానే గీసిన నమూనా అది. చైనా నుంచి వచ్చిన తల్లిదండ్రుల కూతురని అప్పట్లో ఆమె మీద నానా మాటలూ అన్నారు. 1982లో కట్టేశారు. యాభై ఎనిమిది వేల పైచిలుకు పేర్లు. ఆ నల్లరాయి ఎక్కణ్నుంచి తెప్పించారనుకున్నారు? బెంగళూరు నుంచి. మనవాళ్లకంటే ముందే బెంగళూరు నుంచి ఆన్‌సైట్ వచ్చేసిన రాయది. ఎంత నునుపంటే మన మొహం అందులో కనపడుతుంది. పేరు చదివేవాడికి ఆ పేరు మీద తన మొహం కనపడాలనే అలా చేశారు. అందుకే మనవాళ్లలో ఒకడు, ఇరవై ఏళ్లకే పోయిన ఎవడి పేరు మీదో నుదుటి దగ్గర కురులు సర్దుకుంటూ ‘రేయ్, యాంగిల్ అదిరింది’ అన్నాడు. పక్కనే ఒక ముసలావిడ కాగితం అంటించి పెన్సిల్‌తో ఒక పేరు అద్దుకుంటోంది.

పూల సీజన్ అయితే ఇంకో గంట టైడల్ బేసిన్ దగ్గర పోతుంది. ఆ చెర్రీచెట్లు టోక్యో నగరం పంపిన కానుక. మొదట 1910లో రెండు వేలు పంపితే, పురుగు పట్టిందని అమెరికా అధికారులు అన్నిటినీ తగలబెట్టారు. అంటే ఫస్ట్ వీసా స్టాంపింగులో రిజెక్ట్. 1912లో మళ్లీ మూడు వేలు పంపితే అప్పుడు ఓకే అయింది. ఈ ఒక్క కథా చెబితే మనవాళ్లలో ప్రతివాడికీ ఆ చెట్టు వాటేసుకోవాలనిపిస్తుంది. ఎవరూ చెప్పరు గనక, లంగావోణీ కట్టిన పిల్లని కింద నిలబెట్టి, ఓ మావయ్య కొమ్మ పట్టుకుని ఊపుతాడు, రీల్లో పూలవాన కోసం.

‘పాపం, రెండ్రోజుల సెలవుల్లో అంతకంటే ఏం చూస్తారండీ’ అని జాలిపడేవాళ్లుంటారు. జాలి అక్కర్లేదు. మ్యూజియాలు ఉచితం. ఊరు నాలుగు గంటల దూరం. ఈ నెలలో ఒక్కటి చూసి, ఇంకో నెలలో ఇంకోటి చూడొచ్చు. మనవాళ్లకి తొందర సెలవుల వల్ల వచ్చింది కాదు. ఏ కాగితం ఎప్పుడు గడువు తీరుతుందో తెలియని మనిషి దేన్నైనా ఆబగా మింగుతాడు, నమలడు. అది వీసా ఉన్నవాళ్ల సంగతి, అర్థం చేసుకోగలం. పౌరసత్వం వచ్చి, నాలుగు బెడ్‌రూముల ఇల్లు కట్టి, ఇంటి ముందు గడ్డి కోసుకుంటూ ఇరవై ఏళ్లయినవాడు కూడా అదే షీటు పట్టుకుని పరిగెత్తుతున్నాడంటే వీసా పోయినా వ్యాధి పోలేదన్నమాట. ఊరెళ్లినప్పుడు ఎవరో అడుగుతారు, ‘డీసీ చూశారా’ అని. ‘అయిపోయింది’ అనగలగాలి. దానికోసమే ఈ పరుగు.

నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఒక కుటుంబం సంగతి చెప్పి తీరాలి. కింద ఏనుగు ముందు ఫొటో అయిపోయింది. రెండో అంతస్తులో అద్దాల పెట్టెలో ఒక నీలం వజ్రం మెల్లగా గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. హోప్ డైమండ్. 45.52 క్యారట్లు. చుట్టూ పదహారు తెల్ల వజ్రాలు. మనిషి చూస్తే గోళీకాయ కంటే కాస్త పెద్దది, అంతే. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దాయన ఒకరు, మాట తీరు చూస్తే సత్తెనపల్లి వైపు మాస్టారులా ఉన్నారు, ఆ అద్దానికి మొహం ఆనించినంత పని చేసి నిలబడిపోయారు.

‘అల్లుడుగారూ, ఇది మా కొల్లూరుది.’

‘అవునా మావయ్యగారూ? సూపర్. కొంచెం లెఫ్ట్‌కి జరగండి, అద్దంలో ఫ్లాష్ పడుతోంది.’

‘కృష్ణ ఒడ్డున అండీ. తవెర్నియే అని ఫ్రెంచి వర్తకుడు వచ్చి చూశాడు. అరవై వేల మంది గనుల్లో పనిచేస్తున్నారని రాశాడు. ఆడామగా పిల్లాజెల్లా…’

‘ఓకే ఓకే. నెక్స్ట్ డైనోసార్. కింద పార్కింగ్ టైమ్ అయిపోతోంది మావయ్యగారూ.’

మాస్టారు చెప్పింది కట్టుకథ కాదు. ఆ రాయి కొల్లూరు గనిదే అయ్యుంటుందని చెబుతారు. తవెర్నియే దాన్ని ఫ్రాన్స్ పట్టుకెళ్లి పద్నాలుగో లూయీకి అమ్మాడు. విప్లవం రోజుల్లో, 1792లో, దొంగలెత్తుకుపోయారు. మళ్లీ చెక్కుళ్లు పడి లండన్‌లో తేలింది. హోప్ అన్నది అక్కడ దాన్ని కొన్న బ్యాంకర్ల కుటుంబం ఇంటిపేరు. చివరికి న్యూయార్క్ నగల వ్యాపారి హ్యారీ విన్‌స్టన్ 1958లో దాన్ని మ్యూజియానికి ఇచ్చేస్తూ, గోధుమరంగు కాగితంలో చుట్టి మామూలు రిజిస్టర్డ్ పోస్టులో పంపాడు. గుంటూరు నుంచి ఆవకాయ పంపాలంటే మనం ఏడు పొరల ప్లాస్టిక్కు చుట్టి, పైన టేపేసి, సూట్‌కేసు మధ్యలో చీరల నడుమ దాస్తాం. ఇక కొల్లూరంటారా, పులిచింతల ప్రాజెక్టులో మునిగిపోయింది. ఊరు నీళ్ల కింద, రాయి వాషింగ్టన్‌లో, ఆ రెంటినీ కలిపి చెప్పగల మనిషి మాత్రం అల్లుడి వెనక డైనోసార్ దగ్గరికి.

రాత్రి వ్యాన్లో ఆ అల్లుడే నార్సింగిలో గజం ఎంతుందో పావుగంటసేపు చెప్పుంటాడు. పందెం.

ఆదివారం పొద్దున మేరీలాండ్, లాన్హమ్‌లో శివవిష్ణు ఆలయం. ఇది షీటులో ఎరుపు రంగులో, ‘తప్పనిసరి’ అని ఉంటుంది. వాషింగ్టన్‌కి ఈశాన్యంగా ఉంది గనక న్యూజెర్సీ వాళ్లకి దారిలోనే. దర్శనం పది నిమిషాలు, కింద క్యాంటీన్లో దోసె గంట. తప్పని నేననను, అక్కడి సాంబారు వాసనకి నేను కూడా లొంగుతాను. అయితే అదే ప్రిన్స్ జార్జెస్ కౌంటీలో, అకోకీక్ అనే ఊళ్లో, 2023 అక్టోబరు 14న పంతొమ్మిది అడుగుల అంబేడ్కర్ విగ్రహం పెట్టారు. లింకన్ విగ్రహమూ అంతే ఎత్తు. వైట్‌హౌస్ నుంచి ఇరవై మైళ్ల పైచిలుకు. ఎవరో కుర్రాడు, గ్రూపులో ఎలా దూరాడో గానీ, ‘అక్కడికి కూడా వెళదామా’ అని మెసేజ్ పెట్టాడనుకోండి. మొదట పదిహేను నిమిషాలు నిశ్శబ్దం. తర్వాత కెప్టెన్ రాస్తాడు: ‘అవుట్ ఆఫ్ ద వే అవుతుంది బ్రో.’ దానికి ఏడు బొటనవేళ్లు. మాట్లాడితే ‘కులాలన్నీ అక్కడే వదిలేసి వచ్చాం’ అనే గ్రూపు ఇది. వదిలేసినవాళ్లకి ఇరవై మైళ్లు ఇంత బరువెందుకో!

వెనక్కి తిరిగాక డెలావేర్. అక్కడ సేల్స్ ట్యాక్స్ లేదు. హైవే పక్కనే క్రిస్టియానా మాల్. ఎక్సెల్ షీటులో దానికి అరగంట అని రాసి ఉంటుంది, ఎక్సెల్ షీటు మొత్తంలో ఎవరూ పాటించని గడి అదొక్కటే. బావమరిదికి ఫోను, తోడల్లుడి కూతురికి ఐప్యాడు, అక్కకి వాచీ. ఒక్కో మోడల్‌కి నిల్వ సామర్థ్యమెంత, బ్యాటరీ ఎంతసేపొస్తుంది, ఏ రంగు త్వరగా గీతలు పడుతుంది, అన్నీ చేత్తో పట్టుకుని, తిప్పి, కళ్లజోడు పైకి నెట్టి మరీ పరీక్షిస్తారు. మాస్టారిని బయట బెంచీ మీద కూర్చోబెడతారు. ఒక వస్తువుని ఎలా చూడాలో మనవాళ్లకి చేతకాదని ఎవరన్నారు?

ఇంటికి చేరేలోపే ఫొటోలన్నీ గ్రూపులోకి ఎక్కేస్తాయి. నాలుగొందల పైన ఉంటాయి. అన్నిట్లో మనుషులు ముందు, కట్టడాలు చెవుల పక్కన. ‘వాట్ ఎ ట్రిప్!’ అని ఒకరు, ‘నెక్స్ట్ నయాగరా?’ అని ఒకరు, ఖర్చులు పంచే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో కూలింగ్ డబ్బాల ఐసు లెక్క తేలలేదని ఇంకొకరు.

రెండు మూడు వారాలకి వ్యాన్ అద్దెకి తీసుకున్నాయన పేరు మీద ఒక కవరొస్తుంది. వేగ పరిమితి మించినందుకు వంద డాలర్ల జరిమానా, ఋజువుగా రోడ్డు పక్క కెమెరా తీసిన ఫొటో. ఆయన దాన్ని గ్రూపులో పెడతాడు. అప్పుడు స్టీరింగ్ ఎవరిదన్న పంచాయతీ గంటన్నర నడుస్తుంది. ఎవరూ ఒప్పుకోరు. ‘ఆ టైమ్‌లో నేను నిద్రపోతున్నా’ అని నలుగురు, అందులో డ్రైవర్ కూడా. చివరికి తలా పన్నెండున్నర డాలర్లని తేలుతుంది, ఇద్దరు అలుగుతారు. అంతా సద్దుమణిగాక వదినగారొకరు ఆ జరిమానా ఫొటోని వేళ్లతో పెద్దది చేసి అడుగుతారు: ‘వ్యాన్ వెనక ఏదో స్తంభాల బిల్డింగ్ కనపడుతోంది, ఏంటది? మనం చూశామా?’

ఎవరికీ తెలియదు.

‘లిస్టులో ఉందేమో చూడు,’ అంటారు ఇంకొకరు.

కెప్టెన్ షీటు తెరుస్తాడు. ‘ఏదైతేనేం, మన వ్యాన్‌తో సహా పడింది కదా. ఆకుపచ్చ కొట్టేస్తున్నా.’